వైద్యుని చేయి వణికినప్పుడు

నా కుడి కనుబొమ్మ మీద ఒక వంకర మచ్చ ఉంది. 1970ల చివర మట్టెవాడలో మా ఇంటి అరుగు మీదినుంచి పడి తెచ్చుకున్న దెబ్బ అది. మచ్చ వంకరగా ఉండడం దెబ్బ తప్పు కాదు, కుట్టు తప్పు. కుట్టు వేస్తున్నప్పుడు డాక్టరుగారి చేయి వణికింది. వెనకనుంచి కాంపౌండరు వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నాలుగు కుట్లు వేశారు. నొప్పి కంటే ఆ వణుకే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వరంగల్లు తెలియనివారి కోసం ఒక మాట. మట్టెవాడ భోగేశ్వరాలయం ఉన్న పాతపేట. ఎం.జి.ఎం. ఆసుపత్రికి దగ్గర. 1959లో కాకతీయ వైద్య కళాశాల వచ్చి, ఎం.జి.ఎం. దానికి బోధనాసుపత్రి అయిన తర్వాత, ఈ చుట్టుపక్కల దవాఖానాలూ మందుల దుకాణాలూ పెరిగాయి. మా డాక్టరుగారిది అటువంటి ఒక చిన్న దవాఖానా. ఆయన పేరు చెప్పను. మంచి హస్తవాసి గలవాడని పేరు. బీదవాళ్ళ దగ్గర ఫీజు అడిగేవాడు కాదు. అర్ధరాత్రి తలుపు తట్టినా స్కూటరు తీసేవాడు.

అయితే పొద్దున్నే వెళ్ళినవారిని కాంపౌండరు గుమ్మంలోనే ఆపేవాడు. "సారుకు పానం మంచిగ లేదు, పదకొండు గొట్టినంక రాండ్రి" అనేవాడు. పదకొండు దాటిన తర్వాత సారు చేయి నిలకడగా ఉండేది, కళ్ళు ఎర్రగా ఉండేవి. నేను దెబ్బ తగిలించుకున్నది పొద్దున ఎనిమిదింటికి. ఆగే వీలు లేక తీసుకువెళ్ళారు.

సంగతి పేటలో అందరికీ తెలుసు. మా నాయన బడిపంతులు, డాక్టరుగారికి స్నేహితుడు. ఆ రాత్రి మా అమ్మ, "మీరన్న ఒక మాట చెప్పరాదుండ్రి" అంటే, నాయన చాలాసేపు ఊరుకుని, "ఎట్ల చెప్పాలె? అంత పెద్దమనిషి పరువేం గావాలె?" అన్నాడు. ఆ తర్వాత మేము మరొక డాక్టరు దగ్గరికి పోవడం మొదలుపెట్టాము. చెప్పకుండానే మానుకున్నాము. మాలాగే చాలామంది. నాలుగైదేళ్ళకు ఆయన పోయాడు. కామెర్లన్నారు. యాభై నిండలేదు. శవయాత్రకు పేట పేటంతా కదిలివచ్చింది.

జబ్బుపడిన వైద్యుణ్ణి లోకం ఎప్పుడు గుర్తించడం నేర్చుకుంది, గుర్తించిన తర్వాత ఏం చేసింది అన్న చరిత్రను ఇన్నేళ్ళ తర్వాత తీరిగ్గా చదివాను. చదివినకొద్దీ తెలిసిందేమంటే, మా నాయన వేసిన ప్రశ్న మట్టెవాడ ప్రశ్న మాత్రమే కాదు. దానికి జవాబు వెతుక్కోవడానికి వైద్యలోకానికి చాలా కాలం పట్టింది. మనకింకా దొరకనే లేదు.

* * *

ప్రాచీనులకు ఈ విషయం తెలియనిది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో శస్త్రవైద్యుని గుణాలను లెక్కపెట్టినచోట ధైర్యం, చేతి చురుకుదనం, పరికరాల పదునుతోపాటు చెమట పట్టకపోవడం, వణకకపోవడం, కంగారుపడకపోవడం కూడా ఉన్నాయి. చరక సంహిత విమానస్థానంలో గురువు శిష్యునిచేత చేయించే ప్రతిజ్ఞ ఒకటి ఉంది. మద్యానికి బానిస కారాదన్నది అందులో ఒక నియమం. కౌటిల్యుని అర్థశాస్త్రం చికిత్సలో పొరపాటు వల్ల రోగి మరణిస్తే వైద్యునికి జరిమానా విధించింది. మన ఓరుగల్లు పాలకుల మాటకు వస్తే, రుద్రమదేవి కాలంలో 1261లో వేయించిన మల్కాపురం శాసనం గోళకీ మఠానికిచ్చిన దానంలో ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ వాటా కేటాయించింది.

అంటే వైద్యునికి ఉండవలసిన గుణం చెప్పారు, తప్పు చేస్తే శిక్ష చెప్పారు, పోషణకు ఏర్పాటు చేశారు. మంచి వైద్యుడే జబ్బుపడి, ఆ జబ్బువల్ల చేయి వణికితే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఆధునిక వైద్యం సైతం ఇరవయ్యో శతాబ్దంలో మూడు పాళ్ళు గడిచేదాకా ఆ ప్రశ్నను దాటవేస్తూనే వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషులో దీనికి 'ఇంపెయిర్డ్ ఫిజిషియన్' అనే పేరుంది. మద్యం కావచ్చు, మత్తుమందు కావచ్చు, మనోవ్యాధి కావచ్చు, వార్ధక్యం కావచ్చు. కారణమేదైనా రోగికి హాని లేకుండా వైద్యం చేసే శక్తిని కోల్పోయినవాడని అర్థం. తెలుగులో దీనికి నిలదొక్కుకున్న మాట లేదు. 'తాగుబోతు డాక్టరు', 'పిచ్చి డాక్టరు' అన్న తిట్లు మాత్రం ఉన్నాయి. జబ్బుకు పేరు లేనిచోట తిట్టయినా మిగులుతుంది, మౌనమైనా మిగులుతుంది. ఈ వ్యాసంలో 'అశక్త వైద్యుడు' అని వాడుతున్నాను. ఇంతకంటే మంచి మాట తోస్తే పెద్దలు చెప్పగలరు.

* * *

మందు చేతికందేంత దూరంలో ఉండడం వైద్యవృత్తికి పుట్టుకతో వచ్చిన ప్రమాదం. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో నిజాం ప్రభుత్వ పోషణతో క్లోరోఫాం కమిషన్లు నడిపిన సంగతి చాలామందికి తెలిసిందే. అందుకు నలభయ్యేళ్ళ ముందే, 1848 జనవరిలో, మత్తువైద్యానికి ఆద్యులలో ఒకడైన అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ అదే క్లోరోఫాంను తనమీద తానే మళ్ళీ మళ్ళీ ప్రయోగించుకుని, మతి చలించి, న్యూయార్కు జైలులో ప్రాణం పోగొట్టుకున్నాడు.

అంతకంటే పెద్ద కథ విలియం హాల్‌స్టెడ్‌ది. 1884లో కార్ల్ కోలర్ కొకైన్‌తో కంటికి స్పర్శ లేకుండా చేయవచ్చునని చూపించాడు. ఆ వార్త అందగానే న్యూయార్కులో యువ సర్జనుగా వెలుగుతున్న హాల్‌స్టెడ్, తన సహచరులతో కలిసి, నరాల దగ్గర కొకైన్ ఎక్కించి శస్త్రచికిత్స చేసే పద్ధతిని పరీక్షించసాగాడు. పరీక్షలు చేసుకున్నది తమ శరీరాల మీదనే. నెలలు తిరిగేసరికి అందరూ బానిసలయ్యారు. 1885లో ఆయన ఒక వైద్యపత్రికలో ప్రకటించిన వ్యాసం చదివితే వాక్యానికి వాక్యానికి పొంతన కుదరదు. ఇవాళైతే ఏ సంపాదకుడైనా రచయిత ఆరోగ్యం సంగతి ఆరా తీస్తాడు. అప్పుడు అచ్చువేసి ఊరుకున్నారు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్న సహచరులలో పలువురు కోలుకోలేదు.

హాల్‌స్టెడ్‌ను 1886లో ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆసుపత్రిలో చేర్చారు. కొకైన్ మాన్పించడానికి మార్ఫిన్ ఇచ్చారు. కొకైన్ తగ్గింది, మార్ఫిన్ పట్టుకుంది. ఆయన మిత్రుడు విలియం వెల్చ్ ఆయనను బాల్టిమోరుకు పిలిపించి, తన ప్రయోగశాలలో చోటిచ్చి, కనిపెట్టి చూసుకున్నాడు. 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచిన తర్వాత హాల్‌స్టెడ్ అక్కడ శస్త్రచికిత్సకు అధిపతి అయ్యాడు. రొమ్ము క్యాన్సరుకూ హెర్నియాకూ ఆయన రూపొందించిన శస్త్రచికిత్సలు, ఆపరేషను గదిలోకి వచ్చిన రబ్బరు చేతొడుగులు, కణజాలాన్ని సుకుమారంగా తాకవలెననే బోధ, ఇవన్నీ ఆ తర్వాతివి. లోకమంతా ఆయన పూర్తిగా కోలుకున్నాడనే అనుకుంది.

ఆయన సహోద్యోగి విలియం ఆస్లర్‌కు మాత్రం నిజం తెలుసు. హాప్కిన్స్ ఆసుపత్రి అంతరంగ చరిత్ర అని ఆయన ఒక చిన్న రాతప్రతి రాసి, ముద్రవేసి భద్రపరిచాడు. అది 1969లోగాని బయటపడలేదు. హాల్‌స్టెడ్ మార్ఫిన్ మానలేదనీ, రోజుకు మూడు గ్రెయిన్లకు, అంటే సుమారు 200 మిల్లీగ్రాములకు, దిగువకు తగ్గించలేకపోయాడనీ అందులో ఉంది. హాల్‌స్టెడ్ 1922లో మరణించాడు. అంటే ఆ నిజం ఆయన పోయిన తర్వాత కూడా నలభయ్యేడేళ్ళు దాగి ఉంది.

ఈ కథ చూపించి, "చూశారా, మౌనంగా కాపాడితే ఎంత మేలు జరిగిందో" అనేవారున్నారు. నాకు అట్లా అనిపించదు. హాల్‌స్టెడ్‌కు వెల్చ్ దొరికాడు. ఏడాదిలో నెలల తరబడి కనబడకుండా పోయినా అడగని ఉద్యోగం దొరికింది. ఆయనతోపాటు మొదలుపెట్టిన మిగతావారికి ఇవేవీ దొరకలేదు. ఒకరు మేధావి కాబట్టి బతికిపోతే అది పద్ధతి అనిపించుకోదు, అదృష్టం అనిపించుకుంటుంది.

మరొక సంగతి కూడా గమనించాలి. యువవైద్యులు ఆసుపత్రిలోనే నివసిస్తూ, రాత్రీ పగలూ లేకుండా పనిచేస్తూ నేర్చుకునే 'రెసిడెన్సీ' విధానం హాప్కిన్స్‌లో ఆస్లర్, హాల్‌స్టెడ్‌ల చేతుల్లోనే రూపుదిద్దుకుంది. రెసిడెంటు అంటే అక్కడే కాపురమున్నవాడని. ఇవాళ మన పి.జి. విద్యార్థులు చేసే ఎడతెగని డ్యూటీలకు పూర్వరూపం అదే. నిద్రలేని పనిని వైద్యశిక్షణకు ఆదర్శంగా నిలిపిన గురువులలో ఒకరు తానే మందు సాయంతో నెట్టుకొస్తున్నవాడన్న సంగతిని ఆ ఆదర్శం పక్కన పెట్టి చూసుకోవడం మంచిది.

* * *

రెండవ కథ 1935 నాటిది. అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో రాబర్ట్ స్మిత్ అనే సర్జను ఉండేవాడు. వైద్యవిద్య నాటినుంచీ తాగుడు. రాత్రి నిద్ర పట్టడానికి మద్యం, పొద్దున చేయి వణకకుండా ఉండడానికి నిద్రమాత్రల మందు. పగలంతా మందుతో నెట్టుకొచ్చి మళ్ళీ రాత్రికి సీసా ఎత్తడం. ఆ ఏడాది మే నెలలో బిల్ విల్సన్ అనే ఒక పరాయి ఊరి వ్యాపారి ఆయనను కలిశాడు. విల్సనూ పూర్వం తాగుబోతే. నీతులు చెప్పలేదు. తన కథ చెప్పుకున్నాడు. స్మిత్ మానేశాడు. కొద్ది రోజులకు ఒక వైద్యసభకు వెళ్ళి మళ్ళీ తాగాడు. తిరిగివచ్చిన తర్వాత ఆయన ఒక శస్త్రచికిత్స చేయవలసి ఉంది. ఆ ఉదయం చేతులు వణుకుతుంటే, అవి నిలవడం కోసం విల్సనే ఆయనకు ఒక బీరు ఇచ్చాడు. 1935 జూన్ 10. అదే ఆయన చివరి మద్యం. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ ఆ తేదీనే తన పుట్టినరోజుగా పరిగణిస్తుంది. స్మిత్ 1950లో మరణించేలోగా కొన్ని వేలమంది తాగుబోతులకు ఫీజు లేకుండా చికిత్స చేశాడు.

ఈ వృత్తాంతం చదివినప్పుడు మా కాంపౌండరు "పదకొండు గొట్టినంక రాండ్రి" అనడం వెనకనున్న అర్థం నాకు తెలిసింది. దీర్ఘకాలం తాగినవాడికి రాత్రి తాగినది దిగిపోతున్నకొద్దీ పొద్దున వణుకు మొదలవుతుంది. మళ్ళీ కొంత తాగితే ఆగుతుంది. మా డాక్టరుగారి నిలకడైన చేయే ఆయన జబ్బుకు గుర్తు. మేము అందుకు విరుద్ధంగా అర్థం చేసుకున్నాము.

స్మిత్ కథలో ఇంకొక విశేషం ఉంది. ఆయనను మార్చినది ఆసుపత్రి కాదు, వైద్యసంఘం కాదు, పోలీసు కాదు. అదే బాట నడిచివచ్చిన మరొక మనిషి. 1949 నాటికి ఇట్లా కోలుకున్న వైద్యులు తమలో తాము కలుసుకునే సంఘమొకటి అమెరికాలో ఏర్పడింది. వైద్యుడు రోగిగా కూర్చోవడానికి సిగ్గుపడతాడు. ఎదురుగా కూర్చున్నది మరొక వైద్యుడైతే ఆ సిగ్గు కొంత తగ్గుతుంది.

* * *

ఇక చట్టం సంగతి. 1958లో అమెరికా రాష్ట్రాల వైద్య బోర్డుల సమాఖ్య, వైద్యులలో మత్తుమందు వ్యసనమూ తాగుడూ క్రమశిక్షణ సమస్య అని గుర్తించి, వాళ్ళను పర్యవేక్షణలో ఉంచి బాగుచేసే పద్ధతి కావాలన్నది. దశాబ్దంపాటు పెద్దగా ఏమీ జరగలేదు. 1969లో ఫ్లోరిడా రాష్ట్రం 'జబ్బుపడిన వైద్యుని చట్టం' చేసింది. ఈ చట్టం ప్రత్యేకత ఏమిటంటే, అంతకు ముందు వైద్యుని లైసెన్సు ఆపాలంటే ఆయన ఫలానా తప్పు చేశాడని నిరూపించాలి. అంటే రోగికి హాని జరిగేదాకా వేచి ఉండాలి. ఈ చట్టం కింద ఆయన జబ్బువల్ల పని చేయలేని స్థితిలో ఉన్నాడని తేలితే చాలు.

1973 ఫిబ్రవరిలో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మండలి ఒకటి 'జబ్బుపడిన వైద్యుడు' అనే నివేదికను ఆ సంఘం పత్రికలో ప్రకటించింది. సాటి వైద్యుడు జబ్బుపడ్డాడని తెలిసీ ఊరుకోవడం మర్యాద కాదనీ, పట్టించుకోవడం వైద్యుని నైతిక బాధ్యత అనీ చెప్పింది. ముందుగా స్నేహంగా మాట్లాడడం, వినకపోతే ఆసుపత్రి పెద్దల ద్వారా, అప్పటికీ వినకపోతే వైద్యసంఘం ద్వారా, చివరికి మాత్రమే లైసెన్సు బోర్డుకు. మా నాయన అడిగిన "ఎట్ల చెప్పాలె" అన్న ప్రశ్నకు అచ్చులో నాకు కనబడిన తొలి జవాబు ఇదే. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దీని మీద మొదటి జాతీయ సమావేశం జరిగింది. 1980 వచ్చేసరికి మూడు తప్ప అక్కడి రాష్ట్ర వైద్యసంఘాలన్నీ ఏదో ఒక కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి, లేదా ఆమోదించాయి.

ఈ కార్యక్రమాల పద్ధతి సులభంగా అర్థమయ్యేదే. వైద్యుడు తనంతట తానుగానో, ఇతరులు చెబితేనో వస్తాడు. కొంతకాలం పని ఆపి చికిత్స తీసుకుంటాడు. తర్వాత ఐదేళ్ళపాటు పర్యవేక్షణ. ఎప్పుడు పిలిస్తే అప్పుడు మూత్రపరీక్షకు రావాలి. నియమం పాటిస్తే వృత్తి దక్కుతుంది. తప్పితే బోర్డుకు తెలుపుతారు. ఫలితం ఏమిటన్నది 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 16 రాష్ట్రాల కార్యక్రమాలలో చేరిన 904 మంది వైద్యులను పరిశీలించారు. వారిలో సగానికి మద్యం, మూడోవంతుకు పైగా మందికి నల్లమందు జాతి మందులు ప్రధాన వ్యసనం. ఐదేళ్ళ తర్వాత లెక్కకు అందిన 802 మందిలో 631 మంది, అంటే 78.7 శాతం, లైసెన్సుతో పనిచేస్తున్నారు. 87 మంది లైసెన్సు రద్దయింది. 30 మంది మరణించారు. మద్యవ్యసనం కుదరదని తీర్మానించుకుని కూర్చున్న మనబోటివాళ్ళకు ఇది ఆశ్చర్యం కలిగించే లెక్క.

దీనికి విమర్శలూ లేకపోలేదు. లైసెన్సు పోతుందనే భయంతో ఒప్పుకునే చికిత్సను ఒప్పుకోలు అనవచ్చునా అని కొందరు అడిగారు. ఖర్చు ఎక్కువ. తప్పుగా ముద్రపడిన వైద్యుడికి అప్పీలు దారి సరిగా లేదని 2014లో నార్త్ కెరొలైనా రాష్ట్ర ఆడిటరే తప్పుబట్టారు. పద్ధతి ఉంటేనే దానిలోని లోపాలు దిద్దుకోవచ్చు.

బ్రిటనులో 1982లో ఆసుపత్రికి ముగ్గురు పెద్దలు అనే ఏర్పాటు చేశారు. సాటి వైద్యుడి మీద అనుమానం వస్తే వాళ్ళకు రహస్యంగా చెప్పవచ్చు. అది చాలలేదు. 2000లో లండనులో భారత సంతతికి చెందిన ఒక యువ మానసిక వైద్యురాలు, ఉద్యోగం పోతుందేమోనన్న జంకుతో తన మనోవ్యాధిని ఏళ్ళ తరబడి దాచుకున్నది, చివరకు ఘోరమైన విషాదానికి లోనయింది. దాని మీద విచారణ జరిపిన సంఘం 2003లో నివేదిక ఇచ్చింది. వైద్యులకోసమే ప్రత్యేకంగా, రహస్యంగా చికిత్స చేసే సంస్థ 2008లో లండనులో మొదలైంది. మనోవ్యాధులకు చికిత్స చేసే వైద్యురాలికే తన మనోవ్యాధిని చెప్పుకునే చోటు లేకపోవడాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది?

* * *

తిరిగి మన ఊరికి వస్తాను.

మన దేశంలో వైద్యుల నడవడికి 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు ఉన్నాయి. అందులో 1.7 సంఖ్య గల నియమం, సాటి వైద్యుల అసమర్థతనూ అవినీతినీ అనైతికతనూ భయపక్షపాతాలు లేకుండా బయటపెట్టాలని చెబుతుంది. చక్కని మాట. కాని అసమర్థుణ్ణి అవినీతిపరుడి సరసన నిలబెట్టినందువల్ల, జబ్బుపడిన మిత్రుడి గురించి చెప్పడం చాడీ చెప్పినట్టవుతుంది. 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించింది. వృత్తికి భంగం కలిగించేలా మద్యమో మత్తుపదార్థమో సేవించడం దుష్ప్రవర్తన అని వాటిలో చేర్చారు. మరికొన్ని అంశాల మీద గొడవ రేగి ఆ నెలలోనే ఆ నిబంధనలను పక్కన పెట్టారు. పక్కన పెట్టకపోయినా, దుష్ప్రవర్తన అన్న మాట దగ్గరే చట్టం ఆగిపోయింది. చికిత్స ఎక్కడ, తిరిగి పనిలోకి రావడం ఎట్లా అన్నవాటికి జవాబు అందులో లేదు.

కోర్టుల సంగతీ అంతే. 1995లో సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో వైద్యుని నిర్లక్ష్యం ఎప్పుడు నేరమవుతుందో వివరించింది. రెండూ రోగికి అవసరమైన తీర్పులే. కాని రెండూ హాని జరిగిన తర్వాత పనికి వచ్చేవి. 1969కి ముందు ఫ్లోరిడా ఎక్కడ ఉన్నదో మనం ఇంచుమించు అక్కడే ఉన్నాము.

పనిగంటల కథ ఇంకా విచిత్రం. రెసిడెంటు డాక్టర్ల పని మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని 1992 జూన్‌లోనే కేంద్ర ఆరోగ్యశాఖ ఆదేశం ఇచ్చింది. ముప్ఫయ్యేళ్ళ తర్వాత, 2023 ఫిబ్రవరిలో, మన ఎం.జి.ఎం.లో పనిచేస్తూ వచ్చిన ఒక పి.జి. విద్యార్థిని మరణం రాష్ట్రాన్ని కుదిపింది. ఆ వ్యవహారంలోని న్యాయాన్యాయాలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. కాని యువవైద్యుల మనస్సు గురించి ఊరు ఊరంతా మాట్లాడడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ నియమించిన కార్యదళం నివేదిక ఇచ్చింది. దాని సర్వేకు 25,590 మంది ఎం.బి.బి.ఎస్. విద్యార్థులు, 5,337 మంది పి.జి. విద్యార్థులు జవాబిచ్చారు. తమకు మానసిక రుగ్మత ఉన్నదని చెప్పినవారు మొదటివారిలో 27.8 శాతం, రెండవవారిలో 15.3 శాతం. రెసిడెంట్ల పని వారానికి 74 గంటలు మించరాదని ఆ దళం సిఫారసు చేసింది. 1992లో 48, 2024లో 74. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చదువుకుంటే మనం ఎటు నడిచామో తెలుస్తుంది.

* * *

ఇంతకూ గుర్తించడం ఎట్లా? చదివినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి ఒకటి. అశక్తుడైన వైద్యునిలో చివరగా చెడేది వైద్యమే. ముందు ఇల్లు చెడుతుంది. తర్వాత స్నేహాలు, పండుగలు, బంధువుల రాకపోకలు తగ్గుతాయి. తర్వాత ఒంటి ఆరోగ్యం. వృత్తి ఆయనకు ప్రాణం గనుక, మందు దొరికే చోటు కూడా అదే గనుక, దాన్ని ఆఖరుదాకా కాపాడుకుంటాడు. కాబట్టి దవాఖానాలో చేయి వణుకుతున్నదని మనకు కనబడేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

మిగతా గుర్తులు సాధారణమైనవే. వేళకు రాకపోవడం, చెప్పకుండా మాయమవడం, చేతిరాత మారిపోవడం, చిన్నదానికి కసరడం, డ్యూటీ కాని రోజు కూడా ఆపరేషను గది చుట్టూ తిరగడం. పెథిడిన్, ఫోర్ట్‌విన్ వంటి సూదిమందుల లెక్క తేలకపోవడం, ఇచ్చామని కాగితంలో ఉన్నా రోగికి నొప్పి తగ్గకపోవడం. వీటిలో ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు. అన్నీ ఒకచోట పోగుపడితే మాత్రం ఎవరో ఒకరు తలుపు వేసి, కుర్చీ జరుపుకుని, ఆయన ఎదుట కూర్చోవలసిన సమయం వచ్చిందని అర్థం.

ఇప్పుడు ఆలోచిస్తే మా డాక్టరుగారి ఇల్లు ఏనాడో చెడింది. ఆయన భార్యాపిల్లలు పుట్టింటికి వెళ్ళి రెండేళ్ళయిందని పేటలో అందరికీ తెలుసు. దసరాకు జమ్మి పంచడానికి ఆయన గడప దాటడం మానేశాడు. మనిషి చిక్కిపోయాడు. నా కనుబొమ్మ చిట్లిన నాటికి ఇవన్నీ అయిపోయాయి. అన్నీ చూసిన మేము ఆ గుర్తులను ఒకచోట కూర్చి చదవలేదు. వైద్యుణ్ణి నారాయణునితో పోల్చే అలవాటు మనది. దేవుడికి జబ్బు చేస్తుందని ఎవరనుకుంటారు?

ఆ కాంపౌండరు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లేదు. రోగుల ప్రాణాలు కాపాడింది అతడే. పొద్దున ఎవరినీ లోపలికి రానివ్వకపోవడం, మణికట్టు పట్టుకోవడం, అతడికి తెలిసిన వైద్యనీతి అది. అతడు నెలజీతగాడు. యజమానితో చెప్పలేడు. చెప్పగలిగినవాడు మా నాయన. సాటి డాక్టర్లు అంతకంటే బాగా చెప్పగలిగినవారు; నడిచిపోయేంత దూరంలో ఒక వైద్య కళాశాల నిండా ఉన్నారు. ఆ రోజుల్లో వారికి ఒక దారి ఉంటే, అంటే పేరు బయటపడకుండా చెప్పుకునే చోటు, ఆరు నెలలు పని ఆపి చికిత్స చేయించుకునే వీలు, తిరిగివచ్చి అదే బోర్డు కింద కూర్చోవచ్చునన్న భరోసా ఉంటే, ఎవరో ఒకరు నోరు విప్పేవారే. చెబితే పరువు పోవడం తప్ప మరేమీ జరగదని తెలిసినచోట మంచివాళ్ళు కూడా ఊరుకుంటారు.

మా నాయన తన ఆఖరి రోజుల్లో ఒకసారి నా నుదురు నిమురుతూ ఆ మచ్చ దగ్గర వేలు ఆపాడు. "ఒక మాట అడిగితే ఏం బోయేది రా" అన్నాడు. ఎవరి గురించో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మనోవ్యథలో ఉన్నవారి కోసం 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలిమానస్ సహాయకేంద్రం ఉంది. నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు. వైద్యులూ ఫోను చేయవచ్చు, వైద్యుల ఇంట్లోవారూ చేయవచ్చు. ఇది చాలదు గాని, ఆనాడు మట్టెవాడలో ఇదైనా లేదు.

ఇటువంటి వైద్యులను దగ్గరగా చూసినవారూ, ఎవరితోనైనా మాట్లాడి ఒప్పించగలిగినవారూ మీలో ఉంటే ఆ అనుభవం పంచుకోవలసిందిగా కోరుతున్నాను. పేర్లు వద్దు. ఎట్లా చెప్పారన్నది చెబితే చాలు.